రెండు అంకెలు తెలిస్తే చాలు

పాల లెక్క, కిరాణా ఖాతా, చిట్టీ పాటలో నష్టం ఎంత, బ్యాంకు వడ్డీ ఎంత అన్నవి మనలో చాలామంది కాగితం కూడా ముట్టకుండా తేల్చేస్తారు. అదే ఇంట్లో కరెంటు సంగతి వచ్చేసరికి మాత్రం నోటిలెక్క మూగబోతుంది. ఈ ప్లగ్గుకి గీజరు పెట్టొచ్చా, ఈ వైరు సరిపోతుందా, బిల్లు ఎందుకు పెరిగింది, సాకెట్టు ఎందుకు నల్లబడింది అని ఎవరైనా అడిగితే ఎలక్ట్రీషియన్ ఏం చెబితే అదే సమాధానం. ఆయన రాకపోతే, చూద్దాం ఏమవుతుందో అంటాం.

నిజానికి ఈ ప్రశ్నలన్నిటికీ సమాధానం పదో తరగతి భౌతికశాస్త్రంలోనే ఉంది. ఓమ్ నియమం అందరం చదివాం. పరీక్షలో నాలుగు మార్కులు తెచ్చుకుని అక్కడే వదిలేశాం. ఈ అధ్యాయంలో మనం చేయబోయే పని ఆ నియమాన్ని పుస్తకంలోంచి తీసి స్విచ్‌బోర్డు దగ్గరికి తీసుకురావడం. అందుకు పెద్ద గణితం అక్కర్లేదు. ఒక గుణకారం, ఒక భాగహారం వస్తే చాలు.

వ్యక్తిత్వ వికాసం గురించిన పుస్తకంలో కరెంటు లెక్క ఏమిటని మీకు అనిపించవచ్చు. తెలియని విషయం ముందు మనిషి రెండు రకాలుగా ప్రవర్తిస్తాడు. భయపడి దూరంగా ఉంటాడు, లేదా లక్ష్యపెట్టకుండా తెగిస్తాడు. రెండిటికీ మూలం లెక్క తెలియకపోవడమే. లెక్క చేతికి వచ్చిన రోజున భయం జాగ్రత్తగా మారుతుంది, తెగింపు నిర్ణయంగా మారుతుంది. కరెంటు విషయంలో ఆ మార్పు ఒక సాయంత్రంలో వస్తుంది.

నాలుగు రాశులు, రెండు సూత్రాలు

మనం పట్టించుకోవలసినవి నాలుగే నాలుగు రాశులు.

వోల్టేజి: కరెంటును తీగలో ముందుకు నెట్టే బలం. కొలత వోల్టులు. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు.

కరెంటు: తీగలో ఎంత జోరుగా విద్యుత్తు ప్రవహిస్తోందన్న లెక్క. కొలత ఆంపియర్లు. ఎలక్ట్రీషియన్లు ఆంప్స్ అంటారు.

నిరోధం: ఆ ప్రవాహానికి ఎదురయ్యే అడ్డు. కొలత ఓమ్‌లు.

పవర్: పరికరం సెకనుకు ఎంత శక్తిని వాడుకుంటోందన్న లెక్క. కొలత వాట్లు. పాఠ్యపుస్తకాల్లో దీన్నే విద్యుత్ సామర్థ్యం అంటారు.

వీటిని కలిపే సూత్రాలు రెండు:

నిరోధం = వోల్టేజి ÷ కరెంటు
పవర్ = వోల్టేజి × కరెంటు

ఒక 12 వోల్టుల బ్యాటరీకి బల్బు తగిలించారు. అందులో 2 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తోంది. బల్బు నిరోధం 12 ÷ 2, అంటే 6 ఓమ్‌లు. అది వాడుకునే పవర్ 12 × 2, అంటే 24 వాట్లు. ఇంతే లెక్క. ఏ రెండు అంకెలు తెలిసినా మిగతా రెండూ వాటంతట అవే బయటపడతాయి.

ఈ రెండిటినీ అటూ ఇటూ మారిస్తే ఇంటి అవసరాలకు పనికొచ్చే మరో మూడు సూత్రాలు వస్తాయి:

కరెంటు = పవర్ ÷ వోల్టేజి
నిరోధం = వోల్టేజి × వోల్టేజి ÷ పవర్
వేడి రూపంలో పోయే పవర్ = కరెంటు × కరెంటు × నిరోధం

చివరి సూత్రాన్ని ఇంగ్లండుకు చెందిన జేమ్స్ జౌల్ ప్రయోగాలు చేసి 1841లో ప్రకటించాడు. తీగ ఎందుకు వేడెక్కుతుంది, ప్లగ్గు ఎందుకు కాలుతుంది అన్న ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంది. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

ఓమ్ పట్టుదల నేర్పే పాఠం

మొదటి సూత్రం వెనక ఉన్న మనిషి జార్జ్ సైమన్ ఓమ్. 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు తయారుచేసే పనివాడు. తనంతట తాను చదువుకుని, ఆ చదువునే కొడుకులకు చెప్పిన తండ్రి. ఓమ్ కొలోన్ నగరంలో బడిపంతులుగా పనిచేస్తూ, పాఠాలు అయ్యాక తీగల మీద ప్రయోగాలు చేసేవాడు.

1825లో మొదట ప్రకటించిన ఫలితం సరిగ్గా రాలేదు. ఆ రోజుల్లోని బ్యాటరీ వోల్టేజి నిలకడగా ఉండేది కాదు. కొలుస్తుండగానే పడిపోయేది. అడుగునున్న ఆధారమే కదులుతుంటే పైన తీసిన కొలతకు విలువేముంది? అప్పుడు ఆయన బ్యాటరీని పక్కన పెట్టి, రాగి, బిస్మత్ లోహాలను కలిపి చేసిన థర్మోకపుల్ వాడాడు. ఒక అతుకు మరిగే నీళ్లలో, మరో అతుకు కరిగే మంచులో. ఆ రెండు ఉష్ణోగ్రతలూ మారవు కాబట్టి వోల్టేజి కూడా మారదు. ఇక మార్చింది ఒక్కటే, తీగ పొడవు. పొడవు పెరిగేకొద్దీ కరెంటు ఎంత తగ్గుతోందో, వేలాడదీసిన అయస్కాంత సూచి ఎంత తిరిగిందన్నదాన్నిబట్టి కొలిచాడు. 1826లో సరైన సూత్రం దొరికింది. 1827లో పుస్తకంగా వచ్చింది.

సొంత దేశంలో ఆ పుస్తకానికి ఆదరణ దక్కలేదు. కానీ 1841లో లండన్ రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధపు కొలతకు ఆయన పేరు పెట్టింది. ఓమ్ నుంచి మనం నేర్చుకోవలసిన పద్ధతి ఇది: ఒకటి స్థిరంగా ఉంచు, ఒక్కటే మార్చు, ఏమైందో కొలువు, రాసుకో. బిల్లు తగ్గించుకోవాలన్నా, ఆరోగ్యం బాగుచేసుకోవాలన్నా, పిల్లవాడు లెక్కల్లో ఎక్కడ వెనకబడ్డాడో కనిపెట్టాలన్నా ఈ పద్ధతే పనికొస్తుంది. ఒకేసారి నాలుగు మార్చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

మొదటి లెక్క: వస్తువు మీది స్టిక్కరు

ఇప్పుడు వంటింట్లోకి రండి. ప్రతి పరికరం వెనకో అడుగునో ఒక చిన్న ప్లేటో స్టిక్కరో ఉంటుంది. దాని మీద వోల్టులు, వాట్లు రాసి ఉంటాయి. మనకు కావలసిన రెండు అంకెలూ అక్కడే ఉన్నాయి.

ఇస్త్రీపెట్టె 1000 వాట్లు. కరెంటు 1000 ÷ 230, సుమారు 4.3 ఆంపియర్లు. నిరోధం 230 × 230 ÷ 1000, అంటే 52.9 ఓమ్‌లు.

ఎలక్ట్రిక్ కెటిల్ 1500 వాట్లు. కరెంటు సుమారు 6.5 ఆంపియర్లు. నిరోధం సుమారు 35 ఓమ్‌లు.

గీజరు 2000 వాట్లు. కరెంటు సుమారు 8.7 ఆంపియర్లు. నిరోధం 26.45 ఓమ్‌లు.

ఈ మూడు వరసల్లో ఒక విషయం గమనించండి. వాట్లు పెరిగేకొద్దీ నిరోధం తగ్గుతోంది. ఎక్కువ పవర్ కావాలంటే ఎక్కువ కరెంటు రావాలి, ఎక్కువ కరెంటు రావాలంటే అడ్డు తక్కువ ఉండాలి. ఎక్కువ వేడి కావాలంటే నిరోధం ఎక్కువ ఉండాలని చాలామంది అనుకుంటారు. 230 వోల్టులకు నేరుగా కలిపిన పరికరం విషయంలో అది తప్పు.

ఇప్పుడు సాకెట్టు చూడండి. మన దగ్గర చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. ఇస్త్రీపెట్టె చిన్నదానికి సరిపోతుంది. కెటిల్ 6.5 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి చిన్నదాని హద్దు దాటేసింది, పెద్దదే కావాలి. గీజరు సంగతి చెప్పనే అక్కర్లేదు.

చాలా ఇళ్లలో జరిగే పని ఒకటుంది. 6 ఆంపియర్ల ప్లగ్గున్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఒకవైపు కెటిల్, మరోవైపు ఇస్త్రీపెట్టె పెడతారు. బాక్సులో నాలుగు సాకెట్లున్నాయి కదా అన్నది ధైర్యం. సాకెట్లు నాలుగైనా గోడలోంచి వచ్చే దారి ఒకటే. 6.5, 4.3 కలిపితే 10.8 ఆంపియర్లు. ఆ బాక్సు మోయగలిగినదానికి దాదాపు రెట్టింపు. హాస్టల్ గదుల్లో, అద్దె ఇళ్లలో ఉండే పిల్లలకు ఈ ఒక్క కూడిక తప్పకుండా నేర్పండి.

లో వోల్టేజిలో ఏం జరుగుతుంది?

వేసవి సాయంత్రాల్లో, మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళల్లో ఊళ్లలో వోల్టేజి పడిపోవడం అందరికీ తెలిసిందే. 230 ఉండవలసింది 180కి వచ్చిందనుకుందాం. సుమారు 22 శాతం తగ్గింది. మరి గీజరు పనితనం కూడా 22 శాతమే తగ్గుతుందా?

లెక్క వేద్దాం. గీజరు హీటరు నిరోధం దాదాపు మారదు, 26.45 ఓమ్‌లే. కరెంటు 180 ÷ 26.45, సుమారు 6.8 ఆంపియర్లు. పవర్ 180 × 6.8, సుమారు 1225 వాట్లు. అంటే 2000 వాట్ల గీజరు ఆ పూట 1225 వాట్లే ఇస్తోంది, దాదాపు 39 శాతం నష్టం. వోల్టేజి తగ్గితే కరెంటూ తగ్గుతుంది, రెండు తగ్గుదలలూ కలిసి పవర్‌ను దెబ్బతీస్తాయి.

15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు వేడి చేయడానికి 2000 వాట్ల గీజరుకు సుమారు 16 నిమిషాలు పడుతుంది. 180 వోల్టుల్లో అదే పనికి 26 నిమిషాలు. కాలే యూనిట్లు మాత్రం రెండుసార్లూ ఒకటే, అర యూనిట్ చిల్లర. నీళ్లకు కావలసిన వేడి మారలేదు, ఇచ్చే వేగమే మారింది. కాబట్టి గీజరు పాడైందని మెకానిక్‌ను పిలిచే ముందు ఆ వేళ వోల్టేజి ఎంతుందో చూడండి.

మోటారు సంగతి దీనికి పూర్తిగా వేరు. పొలంలో బోరు మోటారుకు పైకి తోడవలసిన నీళ్ల బరువు తగ్గదు. వోల్టేజి తగ్గినా అదే పని చేయాలి కాబట్టి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు 1.3 రెట్లయితే వైండింగ్‌లో వేడి 1.3 × 1.3, అంటే దాదాపు 1.7 రెట్లవుతుంది. లో వోల్టేజిలో మోటార్లు కాలిపోవడానికి ముఖ్య కారణం ఇదే. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే పెట్టేది ఈ కరెంటును కనిపెట్టి మోటారును ఆపడానికే. పదేపదే ఆగిపోతోందని విసుగుతో దాన్ని తీసేసి నేరుగా కలిపితే, మోటారును కాపాడేది ఇక ఏదీ ఉండదు.

నల్లబడ్డ ప్లగ్గు: జాగ్రత్తగా చూడవలసిన లెక్క

ఈ అధ్యాయంలో ఒక్క లెక్కే గుర్తుంచుకోగలిగితే, అది ఇదే కావాలని నా కోరిక.

గీజరు సాకెట్టు లోపల వైరును బిగించే స్క్రూ వదులైంది. లేదా ప్లగ్గు పిన్ను సాకెట్టులో గట్టిగా పట్టడం లేదు. ఆ చోట అర ఓమ్ నిరోధం అదనంగా చేరిందనుకుందాం. అర ఓమ్ చాలా చిన్న అంకె. ఏమవుతుంది?

మొత్తం నిరోధం 26.45కు 0.5 కలిపితే 26.95 ఓమ్‌లు. కరెంటు 230 ÷ 26.95, సుమారు 8.5 ఆంపియర్లు. ఆ వదులు అతుకు దగ్గర పుట్టే వేడి 8.5 × 8.5 × 0.5, సుమారు 36 వాట్లు.

రేడియో, సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో సీసం అతుకులు కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది ఉంటుంది. అంతకంటే ఎక్కువ వేడి, గాలి ఆడని సాకెట్టు లోపల, ప్లాస్టిక్ పక్కనే, గీజరు నడిచినంతసేపూ పుడుతోంది. ముందు ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా తగులుతుంది. తర్వాత పిన్ను రంగు మారుతుంది. ఆ తర్వాత సాకెట్టు రంధ్రం చుట్టూ గోధుమరంగు మరక, ఆపైన నలుపు, కాలిన వాసన. వేడికి లోహపు పట్టు మరింత వదులవుతుంది, పైన పొర కడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

మరి ఎం.సి.బి. ఎందుకు పడలేదు? అందరూ అడిగే ప్రశ్న ఇది. లెక్కలోకి మళ్లీ వెళ్లండి. అతుకు బాగున్నప్పుడు కరెంటు 8.7 ఆంపియర్లు. వదులయ్యాక 8.5. కరెంటు తగ్గింది! ఎం.సి.బి. చూసేది కరెంటు హద్దు దాటిందా లేదా అన్నదే. దాని లెక్కలో అంతా సవ్యంగానే ఉంది. ఇంట్లో ఎం.సి.బి. ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. ఈ ప్రమాదాన్ని పట్టుకోగలిగింది మీ చేయి, మీ ముక్కు, మీ కన్ను. గీజరు నడిచి ఆగాక, స్విచ్ కట్టేసి, ప్లగ్గు వెనక ప్లాస్టిక్ భాగం తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే మరుసటి స్నానం దాకా కూడా ఆగకుండా మెయిన్ ఆపించి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత సాకెట్టు మార్పించండి.

వైరు సైజు లెక్క కూడా ఇలాంటిదే. 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు నిరోధం కిలోమీటరుకు సుమారు 18 ఓమ్‌లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు సుమారు 7.4 ఓమ్‌లు. బోర్డు నుంచి గీజరు దాకా 20 మీటర్ల దూరముంటే, పోనూ రానూ 40 మీటర్ల తీగ. సన్న వైరులో నిరోధం సుమారు 0.72 ఓమ్‌లు, అందులో గీజరు కరెంటుకు పుట్టే వేడి సుమారు 55 వాట్లు. 2.5 వైరులో అది 22 వాట్లే. గోడలో పూడ్చేసిన వైరు వేడి మీ కంటికి కనపడదు, కానీ బిల్లులో ఉంటుంది, వైరు ఆయుష్షులో ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు వైరు దగ్గర పొదుపు చేయకండి.

తీగ ముట్టకుండా కొలిచే పద్ధతి

కరెంటు కొలవాలంటే మీటరు కొనాలి, తీగలు విప్పాలి అనుకుంటాం. అక్కర్లేదు. ప్రతి ఇంటి ముందూ మంచి కొలత పరికరం ఒకటి ఇప్పటికే ఉంది, అదే కరెంటు మీటరు. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కన, ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు వెలుగుతుందో రాసి ఉంటుంది. చాలా మీటర్లలో ఆ అంకె 3200.

ఒక యూనిట్ అంటే 1000 వాట్ల పరికరం గంటసేపు నడవడం, శక్తి లెక్కలో 36 లక్షల జౌళ్లు. 36 లక్షలను 3200తో భాగిస్తే 1125. అంటే లైటు ఒక్కసారి వెలిగితే 1125 జౌళ్ల శక్తి ఇంట్లోకి వచ్చినట్టు. వాట్ అంటే సెకనుకు ఒక జౌల్ కాబట్టి:

ఇంటి మొత్తం పవర్ = వెలుగుల సంఖ్య × 1125 ÷ పట్టిన సెకన్లు

సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మీటరు ముందు నిలబడండి. ఫ్యాన్లు, ఫ్రిజ్ నడుస్తున్నాయి, 10 వెలుగులకు 75 సెకన్లు పట్టింది. 11,250 ÷ 75 = 150 వాట్లు. ఇప్పుడు లోపల ఎవరినైనా గీజరు వేయమనండి. లైటు ఒక్కసారిగా చకచకా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఇప్పుడు 100 వెలుగులు లెక్కపెట్టండి. 55 సెకన్లు పట్టిందనుకుంటే, 1,12,500 ÷ 55, సుమారు 2045 వాట్లు. ముందున్న 150 తీసేస్తే గీజరుది సుమారు 1895 వాట్లు.

స్టిక్కరు మీద 2000 అని ఉంది, ఇక్కడ 1895 వచ్చింది. ఆ వేళ వోల్టేజి 230 కంటే కొంచెం తక్కువ ఉండి ఉండొచ్చు, హీటరు తయారీలో ఉండే చిన్న తేడా కూడా కారణం కావొచ్చు. ఏదైనా, ఒక్క తీగ ముట్టకుండా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మీ గీజరు పవర్ మీరే కొలిచారు. దాన్ని వోల్టేజితో భాగిస్తే కరెంటు, కరెంటుతో వోల్టేజిని భాగిస్తే నిరోధం.

ఇదే పద్ధతిలో మరో పరీక్ష చేయండి. ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి మీటరు చూడండి. నిమిషానికి ఒకసారి లైటు వెలుగుతుంటే 1125 ÷ 60, దాదాపు 19 వాట్లు ఎక్కడో ఖర్చవుతున్నాయి. స్టాండ్‌బైలో ఉన్న టీవీ, సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటరు, ఇన్వర్టరు ఇందులో ఉండొచ్చు. నెలకు అది 13 యూనిట్లకు పైమాటే. ఒక్కొక్క ప్లగ్గే తీస్తూ చూస్తే ఏది ఎంత తింటోందో తెలిసిపోతుంది. అన్నీ తీసేసినా లైటు వెలుగుతూనే ఉంటే వైరింగ్‌ను పరీక్ష చేయించండి.

చిన్న వోల్టులు, పెద్ద కరెంట్లు

వోల్టేజి తక్కువైతే ప్రమాదమేమీ లేదనుకోకండి. పవర్ అంతే కావాలంటే, వోల్టేజి తగ్గినకొద్దీ కరెంటు పెరగాలి. ఇన్వర్టరు మీద 400 వాట్ల లోడు పెట్టారు. ఇంటి వైరింగ్‌లో అది 400 ÷ 230, సుమారు 1.7 ఆంపియర్లు. అదే పవర్‌ను 12 వోల్టుల బ్యాటరీ ఇవ్వాలంటే 400 ÷ 12, అంటే 33 ఆంపియర్లు కావాలి. ఇన్వర్టరులో జరిగే నష్టం కలిపితే ఇంకొంచెం ఎక్కువే. బ్యాటరీ కేబుళ్లు అంత లావుగా ఉండేది అందుకే. టెర్మినల్ దగ్గర తుప్పు పట్టి 0.02 ఓమ్‌ల నిరోధం చేరినా 33 × 33 × 0.02, సుమారు 22 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. టెర్మినళ్లు శుభ్రం చేసి, బిగించి, వ్యాజిలీన్ రాయమని మెకానిక్కులు చెప్పే మాట వెనక ఉన్న లెక్క ఇది.

మీ చేతిలోని పవర్ బ్యాంకు లెక్క కూడా ఇలాగే తేలుతుంది. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్లు అంటే 10 ఆంపియర్ అవర్లు, లోపలి సెల్ వోల్టేజి 3.7. గుణిస్తే 37 వాట్ అవర్లు. విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా చేతి సంచిలో తీసుకెళ్లగలిగే హద్దు 100 వాట్ అవర్లు. 20,000 అయితే 74, ఫర్వాలేదు. 30,000 అయితే 111, హద్దు దాటింది. కొనేముందే ఈ గుణకారం చేసుకుంటే విమానాశ్రయంలో దాన్ని వదిలేసి రావలసిన అవసరం ఉండదు.

ఇదే లెక్క దేశం స్థాయిలో తిరగేసి పనిచేస్తుంది. లక్ష వాట్ల పవర్‌ను 230 వోల్టుల్లో పంపాలంటే సుమారు 435 ఆంపియర్లు కావాలి. 11,000 వోల్టుల్లో పంపితే సుమారు 9 ఆంపియర్లు చాలు. కరెంటు 48 రెట్లు తగ్గితే అదే తీగలో వేడి నష్టం 2,200 రెట్లకు పైగా తగ్గుతుంది. మీ వీధి ట్రాన్స్‌ఫార్మరు దాకా 11,000 వోల్టుల లైను రావడానికి కారణం ఇదే. 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్‌ను దేశపు గ్రిడ్‌తో కలిపిన రాయచూర్–షోలాపూర్ లైను 7,65,000 వోల్టులది కావడానికీ ఇదే కారణం.

సూత్రం ఎక్కడ ఆచితూచి వాడాలి?

ఏ సాధనానికైనా హద్దు తెలిస్తేనే అది మీ చేతిలో ఉన్నట్టు. మూడు హద్దులు గుర్తుంచుకోండి.

మొదటిది, ఉష్ణోగ్రత. వేడెక్కితే లోహాల నిరోధం పెరుగుతుంది. పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బు వెలుగుతున్నప్పుడు నిరోధం 529 ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే అందులో పదో వంతు కూడా ఉండదు. స్విచ్ వేసిన క్షణంలోనే ఆ బల్బులు ఎక్కువగా మాడిపోవడానికి ఇదొక కారణం.

రెండోది, పవర్ ఫ్యాక్టర్. ఫ్యాన్లు, మోటార్లు, ఏసీల వంటివాటిలో వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చేదంతా వాట్లు కాదు. దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో మళ్లీ గుణించాలి. హీటరు వంటి పరికరాల్లో అది దాదాపు 1 కాబట్టి మన లెక్క నేరుగా సరిపోతుంది. మోటార్లకు మాత్రం ప్లేటు మీద రాసిన ఆంపియర్లనే నమ్మండి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, మనిషి శరీరం. దానికీ ఒక నిరోధం ఉంది. తడిసిన ఒంటితో అది 1000 ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. 230 ÷ 1000 అంటే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పించి ప్రాణం తీయడానికి అది చాలు. కానీ 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది లెక్కలోకి కూడా రాదు. అందుకే ప్రాణరక్షణకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేసే ఆర్.సి.సి.బి. వేరుగా కావాలి. మీ ఇంట్లో అది లేకపోతే ఈ నెల ఖర్చుల్లో మొదటి వరసలో రాసుకోండి. ఉంటే దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కి, వెంటనే పడుతోందో లేదో చూడండి.

మల్టీమీటరు వాడేవాళ్లకు ఒక మాట. నిరోధం కొలిచేటప్పుడు పరికరం ప్లగ్గు తీసి ఉండాలి. కరెంటు కొలిచే స్థానంలో మీటరు పెట్టి దాని పిన్నులు ఎన్నడూ సాకెట్టులో గుచ్చకండి. ఆ స్థానంలో మీటరు నిరోధం దాదాపు సున్నా. 230ని సున్నాకు దగ్గరి అంకెతో భాగిస్తే ఏమొస్తుందో మీకిప్పుడు తెలుసు. తీగ విప్పకుండా కరెంటు కొలవాలంటే ఎలక్ట్రీషియన్లు టాంగ్ టెస్టర్ అనే క్లాంప్ మీటరు ఉంది, దాన్ని వాడండి.

ఈ వారం చేయవలసినవి

1. ఇంట్లో వేడి పుట్టించే పరికరాలన్నిటి వాట్లు ఒక కాగితం మీద రాయండి. ప్రతిదాని పక్కన 230తో భాగించి ఆంపియర్లు రాయండి. ఏది ఏ సాకెట్టుకు నడుస్తోందో సరిచూడండి.

2. ఒక్కొక్క ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఒకేసారి నడిచేవాటి ఆంపియర్లు కూడండి. 6 దాటితే ఒకటి అక్కడి నుంచి తీసేయండి.

3. మీటరు లైటుతో గీజరు లేదా కెటిల్ పవర్ కొలవండి. స్టిక్కరు మీది అంకెతో పోల్చండి.

4. పెద్ద ప్లగ్గులన్నీ వాడకం అయ్యాక తాకి చూడండి. రంగు మారిన సాకెట్టు ఒక్కటి కూడా ఇంట్లో ఉండనివ్వకండి.

5. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే ఈ లెక్కలన్నీ వాళ్ల చేతే వేయించండి. మెయిన్, తీగల పని మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి.

ఈ ఐదూ చేశాక మీలో వచ్చే మార్పు మీకే తెలుస్తుంది. షాపులో అమ్మేవాళ్లు తక్కువ కరెంటు తింటుందండీ అంటే, ఎన్ని వాట్లు బాబూ అని అడుగుతారు. ఎలక్ట్రీషియన్ ఈ వైరు చాలమ్మా అంటే, తొమ్మిది ఆంపియర్లు పోతాయి, 2.5 వైరు వేయి నాయనా అంటారు. పని తెలిసిన మనిషి అలాంటి ప్రశ్నకు నొచ్చుకోడు, గౌరవిస్తాడు.

లెక్క వేసే అలవాటు ఒక చోట మొదలైతే అక్కడే ఆగదు. అప్పు తీసుకునే ముందు, సోలార్ ప్యానెళ్లు పెట్టించుకునే ముందు, ఎవరైనా మెరిసే హామీ ఇచ్చినప్పుడు, ముందు రెండు అంకెలు చెప్పండి అని అడిగే ధైర్యం అదే ఇస్తుంది. ఆ ధైర్యం సంపాదించుకోవడానికి డిగ్రీలు అక్కర్లేదు. కాబట్టి ఈ పూటే మొదలుపెట్టండి. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వాట్లున్న పరికరం ఏదో చూసి, దాన్ని 230తో భాగించి, వచ్చిన అంకెను దాని సాకెట్టు మీది అంకెతో పోల్చండి. సరిపోకపోతే రేపటికి వాయిదా వేయకండి.